పురుటి పాఠంలో కర్త ఎవరు?

తెలుగు స్త్రీవాద కవిత్వం మనల్ని లేబర్ రూమ్‌లోకి తీసుకెళ్ళి చాలా ఏళ్ళయింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వంటి కవితలు వచ్చినప్పుడు, ఇవి కూడా కవితావస్తువులేనా అని ముఖం చిట్లించినవాళ్ళున్నారు. ఆ వాదన ముగిసింది, మనమే గెలిచాం. అయితే బల్ల మీద పడుకున్న స్త్రీ గురించి రాసినంతగా, బల్ల పక్కన నిలబడి పురుడు పొయ్యడం నేర్చుకుంటున్న మనిషి గురించి మనం రాయలేదు. ఆ మనిషికి ఏం నేర్పుతున్నారు? ఎవరి శరీరం మీద నేర్పుతున్నారు? ఏ భాషలో? ప్రసూతి వైద్యంలో శిక్షణ కూడా ఒక పాఠమే కదా. పాఠం అన్నాక దాన్ని చదవడం, విమర్శించడం మన పని కాదా?

ఈ ప్రశ్నని నేను మిలిటరీ ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టడానికి కారణం మా ఊరు. గజపతినగరం చుట్టుపక్కల పల్లెల్లో జవాను లేని వీధి తక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కుర్రాళ్ళు సైన్యంలోకి వెళ్ళడం మాకు తరతరాల బతుకుతెరువు. వాళ్ళ వీరత్వం గురించి సభలు జరుగుతాయి, ఫ్లెక్సీలు కడతారు. వాళ్ళ భార్యలు ఎక్కడ పురుడు పోసుకున్నారో ఎవరూ అడగరు. కొందరు పుట్టింటికొచ్చి విజయనగరం ఘోష ఆసుపత్రిలో, కొందరు భర్త పోస్టింగున్న చోట సైనిక ఆసుపత్రిలో కంటారు. భాష రాని ఊళ్ళో, అమ్మ పక్కన లేకుండా కంటారు.

సైనిక ఆసుపత్రి కాగితాల్లో ఆమె ఎవరు? ముందు భర్త సర్వీసు నంబరు, తర్వాత అతని ర్యాంకు, అతని పేరు, అతని యూనిట్. ఆమె ఫలానావారి భార్య. సర్కారు భాషలో ‘డిపెండెంట్’. వైద్యం పొందే హక్కు ఆమెకి భర్త ద్వారా వచ్చింది కాబట్టి ఈ పద్ధతి సహజమే అనిపించవచ్చు. కానీ అక్కడ శిక్షణ పొందే యువ డాక్టరు రోజూ చదివే మొదటి వాక్యం అదే. గర్భం ఆమెది, నంబరు అతనిది. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ వ్యాకరణాన్ని ఆ డాక్టరు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు.

మా పెద్దమ్మ కూతురు, నాకు వరసకి అప్ప, ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో తొలిచూలు కంది. ఆ సంగతి అడిగితే చెప్పింది: “వైద్యం మంచిదే చెల్లీ. రూపాయి కర్చు నేదు, పక్కలు సుబ్బరంగా ఉన్నాయి. కానీ ఒకాయన సెప్తంటే ఐదారుగురు సూసి రాసుకుంతన్నారు. నన్నేటీ అడగనేదు. వాళ్ళ మాట నాకు తెల్దు, నా మాట వాళ్ళకి తెల్దు.” ఇందులో ఫిర్యాదు ఉందని అప్ప ఒప్పుకోదు. మా ఊళ్ళో అయితే ఈ మాత్రం కూడా దక్కేది కాదంటుంది. ఆ మాటనీ నేను తీసిపారెయ్యను. మంచి వైద్యం అందడం, మనిషిగా లెక్కకి రావడం ఒకటి కాదని మాత్రం ఆమె మాటల్లోంచే తెలుస్తోంది.

మన భాషలో ఈ తేడా చాలా స్పష్టంగా ఉంది. మా వైపు ‘పిల్ల నీళ్ళాడింది’ అంటారు. కన్నది, పురుడొచ్చింది అంటారు. మంత్రసాని ‘పురుడు పోసింది’ అంటారు. కనేది ఒకరు, పురుడు పోసేది ఇంకొకరు. ఇద్దరికీ వేర్వేరు క్రియలున్నాయి. ‘డాక్టరుగారు డెలివరీ చేశారు’ అన్న వాక్యం వచ్చాక కర్త ఒక్కరే మిగిలారు. కన్న మనిషి వాక్యంలోంచే జారిపోయింది. ఇక కేసుషీటు ఇంగ్లీషు చూడండి. నెమ్మదిగా సాగే కాన్పు ‘ఫెయిల్యూర్ టు ప్రోగ్రెస్’. నెలలు నిండకముందే తెరుచుకునే గర్భాశయ ముఖం ‘ఇన్‌కాంపిటెంట్ సర్విక్స్’. కాన్పు తేదీకి పాత పేరు ‘ఎక్స్‌పెక్టెడ్ డేట్ ఆఫ్ కన్‌ఫైన్‌మెంట్’. కన్‌ఫైన్‌మెంట్ అంటే నిర్బంధం అని కూడా అర్థం. ఓడిపోవడం, అసమర్థత, నిర్బంధం! ఈ పదాలు సైన్యం కనిపెట్టినవి కావు, వైద్యం అంతటా ఉన్నవే. కానీ ఆజ్ఞ, విధేయత, ర్యాంకు మీద నడిచే చోట ఇవి ఎంత తేలిగ్గా ఇమిడిపోతాయో ఆలోచించండి.

సైన్యానికీ స్త్రీ శరీరానికీ వైద్యం ద్వారా ఏర్పడిన సంబంధం పాతది. మా ప్రాంతం ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మద్రాసు జనరల్ ఆసుపత్రి 1664లో సెయింట్ జార్జి కోటలో కంపెనీ సైనికుల కోసం మొదలైంది. దాన్ని ఆనుకుని 1835లో పెట్టిన వైద్య పాఠశాల కూడా మొదట సైనిక వైద్యశాఖకి కింది ఉద్యోగులని తయారుచెయ్యడానికే. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రికి మూలమైనది 1844లో వచ్చింది. ఆ వైద్య కళాశాల స్త్రీలని విద్యార్థులుగా చేర్చుకున్నది 1875లో. అంటే స్త్రీల కాన్పులు వైద్యశాస్త్రంలోకి వచ్చిన మూడు దశాబ్దాలకి గానీ స్త్రీలు ఆ శాస్త్రంలోకి రాలేకపోయారు.

ఇంకో ముఖం కూడా ఉంది. 1864 కంటోన్మెంట్ చట్టం, 1868 అంటువ్యాధుల చట్టం కింద నడిచిన లాక్ ఆసుపత్రుల్లో, సైనికులకి సుఖవ్యాధులు సోకకుండా ఉండేందుకు వేశ్యలుగా నమోదైన స్త్రీలని బలవంతంగా పరీక్షించేవారు. రోగం సోకిందనుకుంటే నయమయ్యేదాకా బయటికి వదిలేవారు కాదు. సైనికులకి ఆ బలవంతపు పరీక్ష లేదు. విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. మధురవాణి ఊరది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఈ చరిత్రే గుర్తొస్తుంది. స్త్రీ ఆరోగ్యం ఆమె కోసం కాక, ఆమె దగ్గరికి వచ్చే మగవాడి కోసం అవసరమైన రోజులవి.

ఇప్పుడు స్వతంత్ర దేశపు సైన్యానికి వద్దాం. పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాల 1948లో ఏర్పడింది. ప్రసూతి వైద్యంలో పీజీ చదువూ అక్కడుంది. ఆ కళాశాలలోనే చదివి, ప్రసూతి వైద్య నిపుణురాలైన పునీతా అరోరా 2004లో ఈ దేశ సైన్యంలో మొదటి మహిళా లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. అదే కళాశాలకి అధిపతిగా వచ్చారు. గర్వించదగ్గ విషయమే. అయితే అదే కళాశాల ఎంబీబీఎస్ ప్రవేశాల్లో ఏళ్ళుగా పాటిస్తూ వచ్చిన లెక్క చూడండి: 145 సీట్లలో అబ్బాయిలకి 115, అమ్మాయిలకి 30. శిఖరం మీద ఒక స్త్రీ నిలబడినంత మాత్రాన మెట్ల దగ్గర తలుపు వెడల్పు కాదు. సైన్యం న్యాయశాఖలో మగవాళ్ళకి 6, ఆడవాళ్ళకి 3 అని పోస్టులు పంచడం చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్య కళాశాల లెక్కని కూడా ఆ వెలుగులో చూడక తప్పదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టినవి మరో రెండు తీర్పులు. సైనిక నర్సింగ్ సర్వీసులో పనిచేస్తున్న ఒక నర్సుని 1988లో పెళ్ళి చేసుకుందన్న కారణంగా ఉద్యోగం నుంచి తీసేశారు. అలా తీసెయ్యడానికి 1977 నాటి నిబంధన ఒకటి ఉండేది. ఆమెకి 60 లక్షల రూపాయలు చెల్లించమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. రెండోది సైనిక వైద్యశాఖకి ఎంపికైన ఒక యువ డాక్టరుది. ఉద్యోగంలో చేరబోయే సమయానికి గర్భవతి అని తేలడంతో చేర్చుకోలేదు. బిడ్డా ఉద్యోగమా తేల్చుకోమనడం తప్పని 2016లో పంజాబ్, హర్యానా హైకోర్టు అనాల్సివచ్చింది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గర్భం రోగం కాదని, అది శరీరధర్మమని విద్యార్థులకి చెప్పే వ్యవస్థే తన డాక్టరు గర్భాన్ని అనర్హతగా లెక్కగట్టింది. సైన్యంలో మహిళలకి శాశ్వత కమిషన్ ఇవ్వకపోవడానికి గర్భాన్నీ, మాతృత్వాన్నీ కారణాలుగా చూపిన ప్రభుత్వ వాదనని 2020లో సుప్రీంకోర్టు మూసపోత ఆలోచన అని కొట్టేసింది. జవాను భార్య గర్భవతి అయితే సంక్షేమం, డాక్టరమ్మ గర్భవతి అయితే అనర్హత. డిపెండెంట్‌గా ఉన్నంతవరకే గర్భానికి గౌరవం! పాఠ్యప్రణాళికలో లేని అసలు పాఠం ఇదని నేననుకుంటున్నాను. ప్రసూతి శిక్షణలో ఉన్న అమ్మాయి పగలు ఇతర స్త్రీల గర్భాలని పరీక్షిస్తూ, తన గర్భం వాయిదా వేసుకోవాలని కూడా నేర్చుకుంటుంది.

యూనిఫాం లేని ఆసుపత్రులు మెరుగ్గా ఉన్నాయా అని మీరడగవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. అంతకుముందు 2015-16 సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తం మీద అది 3.2 శాతం. కోతకి కాసులు రాలే చోట శిక్షణ పొందిన చేతులు కోతనే నేర్చుకుంటాయి. సైనిక ఆసుపత్రిలో ఆ లాభాపేక్ష లేదు. మా అప్ప ‘రూపాయి కర్చు నేదు’ అన్నది అందుకే. ఆ మేలుని నిలుపుకుంటూనే ఆ విధేయతని ప్రశ్నించాలి. ఒకచోట స్త్రీ నంబరు వెనక డిపెండెంట్, ఇంకోచోట బిల్లు మీద కస్టమరు. రెండుచోట్లా ఆమె కర్త కాదు.

ఈ శాస్త్రపు పునాదిలోనే ఆ ప్రశ్న ఉంది. ప్రతి స్త్రీరోగ విభాగంలో ట్రే మీద కనిపించే సిమ్స్ స్పెక్యులమ్ పేరు మారియన్ సిమ్స్‌ది. 1840లలో అమెరికాలోని అలబామాలో అతను అనార్కా, బెట్సీ, లూసీ అనే బానిస స్త్రీల మీద, మత్తు ఇవ్వకుండా, మళ్ళీమళ్ళీ శస్త్రచికిత్సలు చేసి తన విద్య నేర్చాడు. న్యూయార్కులో అతని విగ్రహం 2018లో తీసేశారు. పరికరానికి పేరు మాత్రం మిగిలింది. ఆ ముగ్గురి పేర్లు మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? మత్తులో ఉన్న స్త్రీని చదువు కోసం లోపలి పరీక్ష చెయ్యాలంటే ముందుగా ఆమె అనుమతి తీసుకోవాలని అమెరికా ప్రభుత్వం ఆసుపత్రులకి స్పష్టంగా చెప్పింది 2024లో! మన దగ్గర 2018లో వైద్యవిద్యలో ప్రవర్తన, నైతికత, సంభాషణ అనే పాఠ్యాంశం చేర్చారు. మంచిదే. కానీ ఆ సంభాషణ ఏ భాషలో?

విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మా పల్లెల ఆడవాళ్ళే ఇక మీదట అక్కడి విద్యార్థులకి పాఠాలు. అందుకే ఇది దూరపు కంటోన్మెంట్ల గొడవ కాదు. నేను అడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. కేసుషీటులో మొదటి పేరు ఆమెదై ఉండాలి. చూడటానికి వచ్చిన ప్రతి విద్యార్థీ తన పేరు చెప్పి, ఆమెకి అర్థమయ్యే మాటల్లో అనుమతి అడగాలి. వద్దంటే వెనక్కి వెళ్ళాలి. శిక్షణలో ఉన్న డాక్టరు గర్భవతి అయితే ఆమె చదువూ, కొలువూ పోకూడదు.

మనలాంటి సాహిత్యం మనుషులకి ఇంకో పని ఉంది. 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ పాఠ్య మార్గదర్శకాల్లోకి కన్నెరికం, స్వలింగ సంబంధాల గురించిన పాత దురభిప్రాయాలు తిరిగొచ్చాయి. చదివినవాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పాక కొద్దిరోజుల్లోనే ఆ మార్గదర్శకాలని వెనక్కి తీసుకున్నారు. అంటే ఆ పాఠాలు చదివేవాళ్ళుంటే మారతాయి. కవితల్ని చదివినంత శ్రద్ధగా కేసుషీటునీ చదువుదాం. యూనిఫాంలో ఉన్న డాక్టరమ్మలని, నర్సులని రాయమని అడుగుదాం. జవాన్ల భార్యల మాటలని వాళ్ళ యాసలోనే రాసి పెడదాం. ‘నన్నేటీ అడగనేదు’ అన్న వాక్యాన్ని ప్రసూతి వైద్యం నేర్చే ప్రతి విద్యార్థీ మొదటి రోజే వినాలి.