తెలుపు కోసం పెంచిన పులి

తెల్లపులి వేరే జాతి కాదు, ఉపజాతీ కాదు. మామూలు బెంగాల్ పులిలో అరుదుగా కనిపించే రంగు తేడా మాత్రమే. దాన్ని ఆల్బినో అనడమూ పొరపాటే. ఆల్బినోకి చారలు నల్లగా ఉండవు. తెల్లపులి చారలు ముదురు గోధుమ నుంచి నలుపు దాకా స్పష్టంగా ఉంటాయి. కళ్ళు నీలం, ముక్కు గులాబీ రంగు. పులి వెంట్రుకల్లో రెండు రకాల వర్ణకాలుంటాయి. ఒకటి పసుపు, నారింజ ఛాయలనిస్తుంది, రెండోది నలుపునిస్తుంది. తెల్లపులిలో ముఖ్యంగా మొదటిదే ఆగిపోతుంది. ఎస్‌ఎల్‌సీ45ఏ2 అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమే ఇందుకు కారణమని 2013లో పెకింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు.

ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ మారిన జన్యువు అందితేనే కూన తెల్లగా పుడుతుంది. ఒక్కరి నుంచే అందితే నారింజ రంగులోనే పెరిగి, జన్యువును లోపల మోస్తుంది. విశాలమైన అడవిలో అలాంటి రెండు పులులు జతకట్టడం చాలా అరుదు. అయినా పుట్టినవన్నీ చిన్నప్పుడే చనిపోయేవనుకోకూడదు. వేటగాళ్ళ తుపాకీకి చిక్కిన తెల్లపులుల్లో పూర్తిగా ఎదిగినవీ ఉన్నాయి. అడవిలో చివరి తెల్లపులిని 1958లో కాల్చి చంపినట్టు చెబుతారు.

నేడు జూలలో కనిపించే తెల్లపులుల్లో అత్యధికం 1951లో దొరికిన ఒక్క మగకూన సంతతే. అది దొరికింది మధ్యభారతంలోని రేవా అడవుల్లో. రేవా మహారాజు మార్తాండ్ సింగ్ దానికి మోహన్ అని పేరు పెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచాడు. మొదట బేగం అనే మామూలు ఆడపులితో జతకట్టిస్తే కూనలన్నీ నారింజ రంగులోనే పుట్టాయి. ఆ కూనల్లో ఒకటైన రాధను పెద్దయ్యాక తండ్రి మోహన్‌తోనే జతకట్టించారు. 1958లో రాజా, రాణి, మోహిని, సుకేశి అనే నాలుగు తెల్లకూనలు పుట్టాయి. నిర్బంధంలో పుట్టిన మొదటి తెల్లపులులు ఇవే.

రాజా, రాణి ఢిల్లీ జూకు చేరాయి. మోహిని 1960లో వాషింగ్టన్‌లోని జాతీయ జూకు వెళ్ళింది. అక్కడ దానికి జతగా తెచ్చిన శాంసన్ అనే మగపులి మోహన్, బేగంల సంతానం. అంటే మోహినికి స్వయానా మేనమామ. తండ్రి ఒకడే కనుక సవతి సోదరుడు కూడా. ఆ జంటకు పుట్టిన రమణతో తర్వాత తల్లి మోహినినే జతకట్టించారు. ఒడిశాలోని నందన్‌కానన్ జూలో 1980లో పుట్టిన తెల్లకూనలకు మోహన్ సంతతితో సంబంధం లేదు. అయితే తల్లిదండ్రులు గంగ, దీపక్ కూడా తండ్రీకూతుళ్ళే.

తెలుపు కావాలనుకున్న చాలాచోట్ల ఇదే దారి పట్టారు. అంతర్గత లక్షణాన్ని త్వరగా బయటికి తేవాలంటే దగ్గరి రక్తసంబంధాన్ని కలపడమే సులువు. కానీ ఆ పద్ధతిలో రంగు జన్యువొక్కటే జంట కాదు. వంశంలో దాగి ఉన్న చెడ్డ జన్యువులు కూడా జంటలై బయటపడతాయి. మేనరికాల్లో పిల్లలకు కొన్ని జబ్బులు వచ్చే ప్రమాదం ఎక్కువని డాక్టర్లు హెచ్చరించేది ఈ కారణంతోనే. తరతరాలుగా ఇలా పెంచిన తెల్లపులుల వంశాల్లో చనిపోయి పుట్టే కూనలు, పసితనంలోనే పోయేవి, వంకర వెన్నెముకలు, గ్రహణం మొర్రిలాంటి అంగిలి లోపాలు నమోదయ్యాయి.

తెల్లపులుల్లో కనిపించే మెల్లకన్ను సంగతి వేరు. దానికి మూలం రంగు లోపంలోనే ఉంది. కంటి నుంచి బయలుదేరే నాడీ తంతువుల్లో కొన్ని మెదడులో అదే వైపుకు, మిగతావి ఎదుటి వైపుకు వెళ్ళాలి. అదే వైపుకు వెళ్ళాల్సిన తంతువులు కూడా తెల్లపులిలో దారి తప్పి ఎదుటి వైపుకు పోతున్నాయని 1973లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందుకే చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న తెల్లపులికి కూడా రెండు కళ్ళూ ఒకచోట కుదరకపోవచ్చు.

సంరక్షణ కోసమే పెంచుతున్నామనే వాదనకు బలం లేదు. మోహన్ వారసులను అడవిలో వదిలి పులుల సంఖ్య పెంచింది లేదు. విదేశాల్లో చాలా తెల్లపులులు సైబీరియా పులులతో కలిసిన సంకరాలు; వాటితో బెంగాల్ పులి వంశానికి ఒరిగేదేమీ లేదు. అమెరికాలోని జూలు, అక్వేరియంల సంఘం 2011లో తన సభ్యులు తెల్లపులులను కావాలని పుట్టించడాన్ని నిషేధించింది. జూలో స్థలం, మాంసం, వైద్యుల సమయం అన్నీ పరిమితమే. రంగు కోసం పెంచిన ప్రతి పులీ జన్యు వైవిధ్యాన్ని నిలబెట్టగల మరో పులి చోటును ఆక్రమిస్తుంది.

హైదరాబాద్ నెహ్రూ జూలోనూ విశాఖ జూలోనూ తెల్లపులుల ఎన్‌క్లోజర్ల దగ్గర జనం గుమిగూడతారు. ఇప్పుడున్న పులులను చివరిదాకా ప్రేమగా చూసుకోవడం జూల బాధ్యత. రంగు కోసం కొత్త కూనలను పుట్టించడం మాత్రం ఆగాలి. ప్రతి ఎన్‌క్లోజర్ ముందు ఆ పులి వంశవృక్షాన్ని తెలుగులో రాసి పెట్టాలి. పిల్లలను తీసుకెళ్ళే పెద్దలు పక్క ఎన్‌క్లోజర్‌లోని నారింజ రంగు పులి దగ్గర కూడా అంతే సేపు ఆగి, నల్లమల అడవుల్లో ఇంకా స్వేచ్ఛగా తిరుగుతున్నది అదేనని, కాపాడుకోవాల్సింది దాన్నేనని చెప్పాలి.