మాట ముందు, మోత తర్వాత

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇప్పుడు కడుతున్న ఇళ్లలో హాలు చాలావరకు ఒకేలా ఉంటోంది. కింద నాపరాయో గ్రానైటో, పైన సిమెంటు స్లాబు, చుట్టూ పుట్టీ పెట్టి నునుపు చేసిన గోడలు. ఎండాకాలం కాళ్లకు హాయినిచ్చే ఆ బండ శబ్దాన్ని మాత్రం పీల్చుకోదు. హాలు మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి, ఖంగుమని సాగుతుంది. ఖరీదైన హోమ్ థియేటర్ పెట్టుకుని కూడా ‘మాటలు తెలియడం లేదు, ఫైటు వస్తే ఇల్లదిరిపోతోంది’ అంటూ రిమోట్ వదలకుండా కూర్చోవడానికి ఇదొక పెద్ద కారణం. రెండోది, స్పీకర్ల లెవెల్స్ సరిచూసుకోకపోవడం.

రిసీవర్ కొనేటప్పుడు అందరి కళ్లూ డబ్బా మీది వాట్ల మీదే ఉంటాయి. ప్రొద్దుటూరు అంగట్లో బంగారం ఎన్ని కేరెట్లని అడిగినట్టే, ఈ వాట్లు ఏ కొలతలో చెప్పారని అడగాలి. 8 ఓమ్‌ల దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానెళ్లూ పనిచేస్తుండగా ఇచ్చిన అంకె నమ్మదగ్గది. 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ అని ఉంటే ఆ అంకెను పక్కన పెట్టండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. 80 వాట్ల నుంచి 100కు వెళ్తే ఒక డెసిబెల్ తేడా కూడా రాదు. ఆ డబ్బు సెంటర్ స్పీకర్ మీద పెట్టడం మేలు, ఎందుకంటే సినిమాలో మాటలు దాదాపు అన్నీ దాంట్లోంచే వస్తాయి. టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు తెచ్చే ఈఆర్క్ ఉందో లేదో, మైకుతో కొలిచే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. మన ఎండలకు రిసీవర్‌ను అలమరలో పెట్టి తలుపు మూయకూడదు.

ఇక కొలత. ఫ్యాన్లు, కూలర్ ఆపేయండి. రాత్రి పొద్దుపోయాక, వీధి సద్దుమణిగాక అయితే మరీ మంచిది. మైకును సోఫా మీద పడేయకుండా, కూర్చున్న మనిషి చెవుల ఎత్తులో స్టాండు మీద పెట్టాలి. రిసీవర్లలో ఉండే ఆడిసీ, వైపావ్, డిరాక్ వంటి కొలత ఏర్పాట్లు ఒక్కో స్పీకర్ దూరాన్ని, లెవెల్‌ను అవే లెక్కగడతాయి. శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి దగ్గరి స్పీకర్‌ను రిసీవర్ ఆ మేరకు ఆలస్యంగా పలికిస్తుంది. సబ్‌వూఫర్ దూరం టేపు కొలతకంటే ఎక్కువ చూపిస్తే దిద్దకండి, దాని లోపలి సర్క్యూట్‌లో అయ్యే ఆలస్యాన్ని కూడా కలిపిన లెక్క అది.

యంత్రం చేసినదాన్ని మళ్లీ చేత్తో సరిచూడటం దగ్గరే అసలు పనితనం ఉంది. రిసీవర్‌లోని టెస్ట్ టోన్ పెడితే ఒక్కో స్పీకర్ నుంచి హోరు వస్తుంది. సౌండ్ మీటర్‌ను సీ వెయిటింగ్‌లో, స్లోలో ఉంచి, ప్రతి స్పీకర్‌నూ 75 డెసిబెల్స్‌కు తేవాలి. ఫోన్ యాప్‌తో స్పీకర్ల మధ్య తేడా పట్టుకోవచ్చు, సబ్‌వూఫర్‌కు మాత్రం దాన్ని నమ్మలేం. ఏ హద్దు కింది శబ్దం సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. అయినా మాట తేలకపోతే సెంటర్‌ను ఒకటి రెండు డెసిబెల్స్ పెంచవచ్చు. అంతకుముందు స్టాండు అంచుదాకా దాన్ని ముందుకు లాగి, మూతి చెవుల వైపు తిప్పి, టీవీకీ సోఫాకీ మధ్య బండ మీద ఒక జంఖానా పరవండి. ఈ పైసా ఖర్చు లేని పని చాలామంది చేయరు, నాకు బాధనిపించేది అక్కడే.

అంతా అయ్యాక పరీక్షకు అందరూ ఫైటు సీను పెడతారు. నేను ‘మాయాబజార్’ పెట్టమంటాను. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్.రెడ్డికి తమ్ముడు, కడప జిల్లావాడే అయిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1957లో తీసిన సినిమా అది. పాత మోనో సౌండ్‌ట్రాక్‌కు రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ పెడితే శబ్దమంతా సెంటర్‌కే చేరుతుంది, పక్క స్పీకర్లు పలకకపోతే కంగారుపడక్కర్లేదు. ఎస్.వి.రంగారావు గొంతు విని చూడండి. ఆ గంభీరమైన గొంతులో ప్రతి అక్షరం విడివిడిగా తెలియాలి. బొయ్యిమని మోగితే సెంటర్ ఇంకా స్టాండు లోపలికే ఉన్నట్టు. బయటికి లాగి, మైకు పెట్టి, మళ్లీ కొలవండి.