సరి కొవ్వు, బేసి కొవ్వు

పుదుచ్చేరి పెద్ద మార్కెట్ నూనె కొట్లో పామాయిల్ ప్యాకెట్టు, పల్లీనూనె సీసా పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మీదా సంతృప్త కొవ్వు ఇన్ని గ్రాములని ఒకే గడిలో అచ్చేస్తారు. ఆ గడిలో కలిసిపోయిన కొవ్వులు రక్తంలో మాత్రం ఒకే దారిన నడవవు.

దీన్ని గట్టిగా చూపింది 2014లో వెలువడిన ఎపిక్-ఇంటరాక్ట్ అధ్యయనం. ఎనిమిది ఐరోపా దేశాల్లో తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చిన 12,403 మంది రక్తాన్ని, జబ్బు రాకముందే తీసి దాచినదాన్ని, మిగతావారి రక్తంతో పోల్చారు. సంతృప్త కొవ్వు ఆమ్లాల్లో కార్బన్ల లెక్క 14, 16, 18గా ఉన్న సరి ఆమ్లాలు ఎక్కువున్నవారికి మధుమేహం ఎక్కువగా వచ్చింది. 15, 17 ఉన్న బేసి ఆమ్లాలు ఎక్కువున్నవారికి తక్కువగా వచ్చింది. 20 నుంచి 24 దాకా సాగే పొడవాటి ఆమ్లాలదీ బేసివాటి దారే, అవి ఎక్కువున్నవారికీ మధుమేహం తక్కువగానే వచ్చింది.

పుట్టుకలోనూ తేడా ఉంది. సరి జట్టుకు పెద్ద పామిటిక్ ఆమ్లం. పామాయిల్‌లో సుమారు 44 శాతం అదే. అయితే అవసరానికి మించి తిన్న అన్నం, చక్కెరల నుంచి కాలేయం తయారుచేసే కొవ్వు కూడా ముఖ్యంగా ఇదే. బేసి ఆమ్లాలు ఎక్కువగా ఆవు, గేదె కడుపులోని సూక్ష్మజీవుల చలవ. పాలు, నెయ్యితో మనకు చేరతాయి. పొడవాటి జట్టులోని 20 కార్బన్ల అరాకిడిక్ ఆమ్లానికి పేరు వేరుశనగ శాస్త్రనామం అరాకిస్ నుంచి వచ్చింది. 

అలాగని రెండు జట్ల మీదా ఒకే బలంతో తీర్పు చెప్పలేం. పామిటిక్ సోకిన కణాల్లో ఇన్సులిన్ మాట చెల్లదని ప్రయోగశాలలోనూ తేలింది. కానీ బేసి ఆమ్లాలు మనల్ని కాపాడుతున్నాయో, పాలూ పెరుగూ తినే అలవాటుకు ఆనవాళ్లు మాత్రమేనో ఈ లెక్క చెప్పదు. కాబట్టి నెయ్యి గిన్నె ఒంపుకోవడానికి ఇది అనుమతి కాదు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో పుదుచ్చేరి పెద్దల్లో 26.3 శాతం మందికి మధుమేహం. దేశం మొత్తానికి 11.4 శాతమే. ఇలాంటి ఊళ్లో నూనె ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం ప్రమాదం. మామూలు లిపిడ్ రిపోర్టులో సరి, బేసి కనిపించవు, ట్రైగ్లిజరైడ్ల వరుస కనిపిస్తుంది. ఆ అంకె పెరిగిందంటే నూనె సీసాతోపాటు రెండోసారి వడ్డించుకున్న అన్నం వైపూ చూడాలి.