విత్తనంలోనే రక్ష

ఎండాకు తెగులు తగిలిన వరి చేలోకి పొద్దున్నే దిగితే ఆకు అంచుల మీద పసుపు పచ్చని జిగురు బొట్లు కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే ఆ ఆకును కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి ముంచాలి. కోసిన చోటు నుంచి పాలలాంటి ధార దిగుతుంది. అదంతా బాక్టీరియానే. గాలివాన ఒక్కటి తోడైతే మడి నుంచి మడికి పాకిపోతుంది.

ఈ తెగులుకు రసాయన సేద్యంలోనే గట్టి మందు లేదు. కొందరు యాంటీబయాటిక్ చల్లుతారు. సేంద్రియ రైతుకు ఆ దారీ లేదు. అతని పైరుకు రక్ష విత్తనంలోనే ఉండాలి.

బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, తెలుగువారికి ఎంతో ఇష్టమైన సన్న బియ్యం. ఎండాకు తెగులును మాత్రం తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి ఆ లోటు తీర్చారు. ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చారు. వీటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది.

తెచ్చిన పద్ధతి మామూలు సంకరమే. చిక్కల్లా ఎంపికలో ఉంది. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే పనిచేస్తాయి. సాంబ మసూరితో మళ్లీ మళ్లీ సంకరం చేస్తున్నప్పుడు అవి ఒక వైపు నుంచే వస్తాయి కాబట్టి, ఏ మొక్కలో ఉన్నాయో కంటితో పోల్చుకోలేం. డీఎన్‌ఏ మార్కర్లు అక్కడ అక్కరకొచ్చాయి. లేత మొక్క నుంచి చిన్న ఆకు ముక్క తీసి పరీక్షిస్తే జన్యువు ఉందో లేదో తేలిపోతుంది.

అయినా చివరి తీర్పు పైరుదే. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలయ్యాక ఎండు ఎంత దూరం పాకిందో కొలుస్తారు. మామూలు సాంబ మసూరిలో అది ఆకు వెంట చాలా దూరం దిగుతుంది. మూడు జన్యువులున్న మొక్కలో కొస దగ్గరే ఆగిపోతుంది. అలా నెగ్గిన రకమే 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి.

ఇది జన్యుమార్పిడి పంట కాదు. సేంద్రియ ధ్రువీకరణ నిషేధించేది జన్యుమార్పిడినే గానీ మార్కర్ల సాయంతో చేసే ఎంపికను కాదు. హైబ్రిడ్ కూడా కాదు కనుక రైతు తన గింజనే విత్తనంగా దాచుకోవచ్చు. అలాగని అన్నిటికీ ఇదే మందనుకోకూడదు. అగ్గితెగులును ఇది ఆపలేదు.

దేశవాళీ విత్తనాలను కాపాడుతున్న సేంద్రియ రైతు సంఘాలు ఇలాంటి రకాలకూ తమ విత్తన మేళాల్లో చోటివ్వాలి. ఎండాకు తెగులు తరచూ వచ్చే ఊళ్ల రైతులు వచ్చే వానకాలం ముందుగా ఒక్క మడిలో వేసి చూడాలి.