చింతపండుతో తోమిన ఏనుగు

ఇంద్రావతికి చేరువనున్న భోపాల్‌పట్నములో, ఇంట తెలుగును, బడిలో హిందీని, సంతలో గోండు మాటలను ఒక్కదినముననే పలుకుచు పెరిగిన మాబోటి పిల్లలకు దసరా సెలవులనగా జగ్దల్‌పుర్ ప్రయాణమే. బీజాపుర్, గీదంల మీదుగా సుమారు 200 కిలోమీటర్లు బస్సులో సాగి, ఒడలెల్ల ధూళితో దిగిన పిమ్మట, అమ్మ మా చేతుల నొక్కనిమిషమైన విడువక దంతేశ్వరి గుడికిని, రథపు వీథికిని నడిపించెడిది.

బస్తరు దసరాలో రాముడును లేడు, రావణదహనమును లేదు. హరేలీ అమావాస్య మొదలుకొని 75 దినములు సాగు నా యుత్సవమెల్ల దంతేశ్వరీదేవిది. ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశజుడైన అన్నమదేవుడు గోదావరి దాటి యీ నేలకు వచ్చి రాజ్యము స్థాపించెననియు, అమ్మవారు నాతని వెంటనే తరలివచ్చెననియు ఐతిహ్యము. అందుచేత మా నాన్నగారు, ఎనిమిది చక్రముల రథమును జనులు మోకులతో లాగుచుండగా, పుట్టినింటి యాడపడుచును చూచినట్లు చేతులు జోడించి నిలిచెడివారు.

అట్టి యొక దసరానాడు, గోనెపట్టాపై ఇత్తడి బొమ్మలు పఱచుకొని కూర్చుండిన కొండగావ్ పనివానియొద్ద నేనొక జానెడు ఏనుగును పట్టుకొని వదలనైతిని. దాని యెడమదంతపు కొనకు లోహము పాఱలేదు. ఆ లోపమును తానే చూపి, వేఱొకటి యిత్తునని యాతడు చేయి చాపెను. నాన్నగారు సందేహించిరి. “పిల్లవాడు పట్టుకున్నదే మనది” అని అమ్మ కొంగుముడి విప్పినది.

ఆ పనివారిని ఘడవాలందురు. ఆ పనిని ఢోక్రా అందురు. మట్టిలో ఊక కలిపి పిసికి ముందుగా బొమ్మకు లోగుండె చేయుదురు. అది ఆఱిన పిదప మెత్తని పుట్టమన్ను పూసి, చిక్కుడాకులతో రుద్ది నునుపుచేయుదురు. అటుపిమ్మట తేనెతుట్టెల మైనమును వెచ్చజేసి, చిల్లులుగల చెక్కగొట్టములో పెట్టి వత్తగా, దారములవంటి పోగులు వెలువడును. ఆ పోగులను ఒకదానిప్రక్క నొకటిగా, సందులేకుండ, మట్టిగుండెకు చుట్టుట యీ విద్యకెల్ల ప్రాణము. చెవులు, దంతములు, మెడలోని గంటలు అన్నియు మైనముతోనే తీర్చి, దానిపై పేడయు బొగ్గుపొడియు కలిపిన సన్నమన్నును, ఆపైని ఊకమన్నును దట్టముగా పట్టించి, పాత యిత్తడి ముక్కలు నింపిన మూసను ఆ అచ్చుకే అతికి, మూస అడుగునకు వచ్చునట్లు కొలిమిలో నిలుపుదురు. మైనము కరిగి మట్టిలో ఇంకి కాలిపోవును. మంటలో ఆకుపచ్చని ఛాయ తోచినంతనే ఇత్తడి కరిగినదని గ్రహించి, పట్టకారుతో నెత్తి, తలక్రిందులు చేయుదురు. అంతట ద్రవలోహము మైనము విడిచిన చోటులెల్ల వెదకికొనుచు పాఱి, ఒక్కొక్క పోగును గీతగా నిలుపును. చల్లాఱిన పిదప అచ్చును పగులగొట్టి, ఆకురాతితో మెఱుగుపెట్టుటే మిగిలిన పని. పగిలిన యచ్చు మఱల పనికిరాదు గనుక, ఒక బొమ్మకు తోడు మఱొకటి యుండదు.

మొహెంజొదారో నర్తకిని పోతపోసిన విధానమిదియే. మధూచ్ఛిష్టమనగా మైనము, మధూచ్ఛిష్ట విధానమను పేర దీనిని 12వ శతాబ్దమున కల్యాణీ చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున వివరించినాడు. మన ఆదిలాబాదు అడవులలో వోజులు చేయునదియు నీ పనియే. కొండగావ్ వాసియగు జయదేవ్ బఘేల్ తన బొమ్మలతో జాతీయ పురస్కారమందినాడు. బస్తరు ఢోక్రాకు 2008లోను, ఆదిలాబాదు డోక్రాకు 2018లోను భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు మంచిదే, కాని మైనపుపోగును వ్రేళ్లతో చుట్టుటకు పట్టు కాలమునకు తగిన వెల నిచ్చు కొనుగోలుదారు లేనిచో ఆ పత్రము పనివాని కడుపు నింపదని నా దృఢాభిప్రాయము.

మా యేనుగు దేవుని గూటిలో నిలిచినది. ఏటేట పండుగకు ముందు అమ్మ దానిని చెంబులతోను, దీపపు కుందులతోను పెరటిలో వేసికొని చింతపండుతో తోమెడిది. ఢోక్రా బొమ్మను అట్లు తోమరాదని నాకు చాల యేండ్లకు గాని తెలియలేదు. అప్పటికే వీపుపైని గీతలు అరిగి, నదిలోని రాతివలె నునుపైనవి. చెవులమీది గీతలు చూపునకు అందవు, వ్రేలికి మాత్రము తగులును. ఒకప్పుడు నేను మిక్కిలి నొచ్చుకొంటిని. ఇప్పుడా వీపును నిమురునప్పుడు, ఆ పనివాని పోగులకంటె ముందుగా, పులుపునకు ముడుతలుపడిన అమ్మ వ్రేళ్లు జ్ఞప్తికి వచ్చును.

అమ్మ పోయిన పిదప వచ్చిన తొలి దసరాకు చెల్లెలు పుట్టింటికి వచ్చి, ఇత్తడిసామానంతయు పెరటిలో చేర్చి చింతపండు నానవేసినది. ఏనుగును తీసికొనగా నేను దగ్గఱకు పోయి, తోమవద్దనుటకు నోరురాక, పొట్టక్రింద మాత్రము వదలుమంటిని. అచ్చట పోగులు నేటికిని మొదటిదినమున చుట్టినట్లే యున్నవి. ఒకచోట రెండు కొనలు కలియక, గోటితో నొక్కిన గుర్తుకూడ కలదు.

చెల్లెలు బొమ్మను వెల్లకిల త్రిప్పి చూచినది.

“అక్కడ అమ్మ ఎప్పుడూ తోమలేదు, అన్నయ్యా” అని, దానిని కాళ్లపై నిలబెట్టి వీపు తోమసాగినది.