తీగ పొడవు, మీటరు మాట

వరంగల్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు కొదవ లేదు. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన నేటి ఎన్‌ఐటీ ఇక్కడే ఉంది. అయితే సొంతంగా రేడియో కట్టి, డాబా మీద తీగ లాగి, ఖండాంతరాలకు మాట పంపే హామ్ విద్య పుస్తకంతో సగమే అబ్బుతుంది. తక్కిన సగం చేతులది, కొలతది.

ఈ విద్యలో తెలుగు నేలకు పేరు తెచ్చినవారు హైదరాబాద్‌లో ఉన్నారు. అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌ను ప్రపంచమంతటా హామ్‌లు కట్టుకున్నారు. అందులో వాడినవి మన బజారులో దొరికే సామాన్లే: బీసీ547 ట్రాన్సిస్టర్లు, టీవీ బాలన్ కోర్లు, కాయిల్ చుట్టడానికి కుళాయి వాషరు! కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే చాలావరకు సంచిలో పడతాయి. ఖరీదైన పార్టు లేదని ఆగిపోకుండా, ఉన్నదాని గుణం కొలిచి తెలుసుకుని వాడటమే ఈ పరంపర గొప్పతనమని నా నమ్మకం.

కట్టిన సర్క్యూట్ మొదటిసారే పలకడం అరుదు. పలకలేదని తొందరపడి పార్టులు మార్చేవాళ్లకు పాత తప్పు పోకపోగా కొత్తది వచ్చి చేరుతుంది. తెలిసినవాళ్లు తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడే సప్లైకి సిరీస్‌లో చిన్న 12 వోల్టుల బల్బు పెడతారు. షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, ట్రాన్సిస్టరు బతుకుతుంది. ఆ తర్వాత స్పీకరు వైపు నుంచి వెనక్కి నడుస్తారు. వాల్యూమ్ కంట్రోల్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన తాకించినప్పుడు బుర్రుమంటే ఆడియో భాగం బాగున్నట్టే. తప్పు దానికి ముందుంది. ఇలా వెతికే జాగా సగం తగ్గుతుంది.

ట్రాన్సిస్టరు కాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉంచితే బీసీ547లో ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904లో ఎమిటర్, బేస్, కలెక్టర్. షాపులో ఒకటి లేదని రెండోది తెచ్చి అలాగే గుచ్చితే బేస్, ఎమిటర్ల మధ్య రావాల్సిన 0.6, 0.7 వోల్టులు వచ్చినట్టే కనిపించవచ్చు. కానీ గెయిన్ పడిపోయి రేడియో నీరసంగా పలుకుతుంది. టంకం మళ్లీ మళ్లీ వేసినా లాభం ఉండదు.

యాంటెన్నా దగ్గర ముందు పరీక్షించాల్సింది ఎస్‌డబ్ల్యూఆర్ మీటరునే; పంపిన శక్తి ఎంతమేరకు వెనక్కి తిరిగొస్తోందో ఆ అంకె చెబుతుంది. 1 కిలో ఓమ్ కార్బన్ లేదా మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 20 సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తయారవుతుంది. దానికి ఎస్‌డబ్ల్యూఆర్ 1 చూపాలి. 100 ఓమ్‌లకు 2, 25 ఓమ్‌లకూ 2 రావాలి. అలా రాకపోతే డాబా ఎక్కి ప్రయోజనం లేదు.

40 మీటర్ల బ్యాండ్‌లో 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా లాగే తీగ) కట్టాలంటే 143ను 7.1తో భాగిస్తారు: సుమారు 20.1 మీటర్లు. ఎత్తు తక్కువైనా, కింద స్లాబులో ఇనుము ఉన్నా లెక్క తప్పుతుంది. మీటరు 6.9 దగ్గర కనిష్ఠం చూపిందనుకుందాం; తీగ పొడవెక్కువ ఉందని అర్థం. ఒక్కో వైపు దాదాపు 28 సెంటీమీటర్లు తగ్గాలి. వెంటనే కత్తిరించకండి, మడిచి చుట్టి మళ్లీ కొలవండి. కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే రీడింగ్ మారుతోందా? కేబుల్ కూడా యాంటెన్నాగా పనిచేస్తోందన్నమాట, ఫీడ్ పాయింట్ దగ్గర చోక్ కావాలి.

ఈ కొలతలకు ఒకప్పుడు ఖరీదైన ల్యాబ్ పరికరాలే దిక్కు. ఫర్హానే ఆర్డుయినో ఆధారంగా రూపొందించిన యాంటుయినో ఎస్‌డబ్ల్యూఆర్‌తో పాటు సిగ్నల్ బలాన్ని కూడా చూపుతుంది. దాని డిజైన్ అందరికీ బాహాటం. కాలేజీ ల్యాబుల్లో ఇలాంటిది పిల్లలే కట్టుకోవాలి, కట్టి డాబా ఎక్కాలి.

ఒక్క మోసం మాత్రం ఏ పరికరమైనా దానంతటది చెప్పదు. వానాకాలంలో కేబుల్‌లోకి నీరు దిగి సగం శక్తిని తాగేస్తోందనుకోండి. అవతల తీగ తెగిపడినా కింద మీటరు 3 దగ్గరే ఆగుతుంది. తీగ బాగుంటే ఎస్‌డబ్ల్యూఆర్ ముందుకన్నా మెరుగైనట్టే కనిపిస్తుంది. అందుకే కేబుల్ పై కొస విప్పి, ఏమీ తగిలించకుండా ఒకసారి కొలవాలి. మంచి కేబుల్‌కు అప్పుడు ముల్లు చివరిదాకా పోతుంది. పోకపోతే మార్చాల్సింది కేబుల్‌నే.