చీరతోపాటు మగ్గాన్నీ పంపాలా?

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. ఆ కుటుంబంలోని ఒక విద్యార్థి చౌకరకం ఫోనులో ఒక తెలుగు పేజీ తెరిచాడనుకుందాం. అక్షరాలు వెంటనే కనిపించాయి. కాని మెనూ మీద వేలు పెడితే చలనం లేదు. కొన్ని క్షణాలు గడిస్తేగాని పేజీకి ప్రాణం రాలేదు. తప్పు ఎవరిది? ఫోనుదా, నెట్‌వర్కుదా, లేక పేజీ తయారుచేసిన వారిదా?

జవాబు తెలియాలంటే పేజీ ఎక్కడ తయారవుతుందో చూడాలి. ఒక పద్ధతిలో సర్వరే పేజీని పూర్తిగా రూపొందించి పంపుతుంది. ఇది మగ్గం మీద నేసిన చీరను పంపడం వంటిది. రెండో పద్ధతిలో సర్వరు సమాచారాన్నీ, జావాస్క్రిప్ట్ ప్రోగ్రామునూ పంపుతుంది. పేజీని బ్రౌజరు తయారు చేసుకుంటుంది. అంటే నూలునూ మగ్గాన్నీ కొనుగోలుదారు ఇంటికి పంపడమన్నమాట!

1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ ముఖ్యంగా బ్రౌజరు భాషగానే పెరిగింది. 2009లో వచ్చిన నోడ్ దానిని సర్వరు మీదికి విస్తృతంగా తెచ్చింది. 2013లో రియాక్ట్ బయటికి వచ్చాక రెండో పద్ధతి బాగా వ్యాపించింది. దానితో ఖాళీ తెర ముందు నిరీక్షణ కూడా వచ్చింది. అందుకే సర్వరులోనే పేజీని అల్లే చట్రాలు, అంటే ఫ్రేమ్‌వర్కులు, పుట్టాయి. రియాక్ట్ వాడేవారికి నెక్స్ట్, వ్యూ వాడేవారికి నక్స్ట్ 2016లో వచ్చాయి. 2021లో రీమిక్స్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆస్ట్రో, స్వెల్ట్‌కిట్‌ల మొదటి పూర్తిస్థాయి రూపాలు 2022లో వెలువడ్డాయి.

మరి సమస్య తీరిందా? సగమే తీరింది. సర్వరు పంపిన పేజీ మొదట బొమ్మలాంటిది. బటన్లు పనిచేయాలంటే అదే పేజీకి సంబంధించిన ప్రోగ్రాము ఫోనుకు చేరి, ఒక్కొక్క భాగాన్నీ గుర్తుపట్టి, దానికి పని అప్పగించాలి. దీనినే హైడ్రేషన్ అంటారు. ఇందుకోసం పేజీలో కనిపించే సమాచారాన్నే రెండోసారి, ప్రోగ్రాముకు అర్థమయ్యే రూపంలో, అదే పేజీ అడుగున చేర్చి పంపడం మామూలైంది. చీర వచ్చింది, వెంటనే అదే చీరకు నూలు, మగ్గం కూడా వచ్చాయి!

తెలుగు పాఠకుడికి ఈ భారం ఇంకా ఎక్కువ. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు. తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికీ 3 బైట్లు కావాలి. ‘తెలుగు’ అనే మాటలో గుణింతాలతో కలిపి 6 సంకేతాలున్నాయి. అంటే 18 బైట్లు. రెండుసార్లు పంపితే 36. కుదించి పంపుతారు గనుక దారిలో బరువు తగ్గే మాట నిజమే. అయితే విప్పిన తర్వాత మొత్తాన్నీ చదివే శ్రమ ఆ చిన్న ఫోనుదే.

ఈ దృష్టితో చట్రాలను పోల్చి చూద్దాం. నెక్స్ట్‌లో సౌకర్యాలు ఎక్కువ, దానిని తెలిసినవారూ ఎక్కువ. ఇటీవలి రూపాల్లో కొన్ని భాగాల ప్రోగ్రాము సర్వరులోనే ఉండిపోతుంది. ఇది మంచి మెట్టే. కాని వాటి ఫలితం మళ్ళీ రెండు రూపాల్లోనూ ప్రయాణిస్తుంది. కేవలం చదివే పేజీకి కూడా రియాక్ట్ బరువు తప్పదు. నక్స్ట్ నేర్చుకోవడం తేలికే గాని మామూలుగా వాడితే దానిదీ ఇదే తీరు. రీమిక్స్ పద్ధతులు 2024లో రియాక్ట్ రూటర్‌లో కలిశాయి. ప్రోగ్రాము ఇంకా చేరకముందే దరఖాస్తు నింపి పంపగలగడం దీని గొప్ప గుణం. అయినా పేజీ మొత్తానికి హైడ్రేషన్ జరగవలసిందే. స్వెల్ట్‌కిట్ ప్రోగ్రామును ముందే అనువదించి బరువు తగ్గిస్తుంది. ఒక్క వాక్యం రాసి ఏ పేజీకైనా జావాస్క్రిప్ట్‌ను పూర్తిగా ఆపవచ్చు. ఆస్ట్రో మనం అడిగితే తప్ప జావాస్క్రిప్ట్ పంపదు. అవసరమైన చిన్న భాగానికే పంపుతుంది. అయితే తెర నిండా క్షణక్షణం మారే అంశాలుండే పనికి అది అంత అనువు కాదు.

కాబట్టి వార్తలకూ పాఠాలకూ ఆస్ట్రో, దరఖాస్తులకు స్వెల్ట్‌కిట్ లేదా రియాక్ట్ రూటర్ మేలు. పేజీలు చాలా ఉండి, పనిచేసే బృందం కూడా పెద్దదైనచోట నెక్స్ట్, నక్స్ట్ తగినవే. విచారకరమైన విషయమేమిటంటే, చట్రాలను పోల్చేవారు చాలామంది తమ ఖరీదైన కంప్యూటరు మీద, నాలుగు మాటల ఇంగ్లీషు పేజీతో పరీక్షిస్తారు. సర్వరు సెకనుకు ఎన్ని పేజీలు అల్లిందో లెక్కిస్తారు. ఫోను పడే శ్రమ ఆ లెక్కలోకి రాదు. మిల్లులో మగ్గం వేగం కొలిచి చీర మన్నిక చెప్పినట్లుంటుంది ఇది.

మీరే ఒక ప్రయోగం చేయండి. ఏదైనా తెలుగు పేజీ తెరిచి దాని మూలపాఠాన్ని చూడండి. అందులో ఒక వాక్యం ఎన్నిసార్లు ఉందో వెతకండి. తర్వాత బ్రౌజరులో జావాస్క్రిప్ట్‌ను ఆపి, అదే పేజీని మళ్ళీ తెరవండి. చదవగలిగారా? లింకులు పనిచేశాయా? రేపు మీ కళాశాల ప్రాజెక్టుకు చట్రాన్ని ఎంచుకునేటప్పుడు, ‘ఇది నాకు ఎంత సులువు?’ అని అడగడానికి ముందు, ‘చౌక ఫోను చేతబట్టినవారికి ఇది ఎంత బరువు?’ అని అడగండి.